ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నవాడు

తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటాను. మా అయ్య ఎదుట ఆ మాట అనడానికి నాకు నెలలు పట్టింది. రాయడం తేలిక, ఎదురుగా ఎవరూ ఉండరు.

మాది భావనపాడు. సముద్రం మీద బతికే ఇల్లు. నేను విజయనగరంలో డిగ్రీ చదివి, అక్కడే స్టేషన్ రోడ్డులో టికెట్లు బుక్ చేసే షాపులో పనికి చేరాను. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని జనాన్ని ఊళ్లకి పంపించడమే నా ఉద్యోగం. తిరుపతి, పూరీ, అరకు, ఊటీ, కాస్త ఉన్నవాళ్లయితే సింగపూర్. రెండేళ్లలో ఒక్కరు కూడా మా ఊరికి దారి అడగలేదు. అడగాలంటే ముందు అలాంటి ఊరొకటి ఉందని తెలియాలి కదా. నాకు ఒళ్లు మండేది. మా ఇసుక మీద పడుకుంటే ఆకాశం మొత్తం మనదే, సాయంత్రం పూట మనిషి అలికిడి ఉండదు, ఇంత చల్లటి చోటు వదిలేసి వీళ్లంతా పోయి పోయి క్యూల్లో నిలబడతారేమిటని.

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఆ పని చేశాను. దేశాలు తిరిగేవాళ్లు ఇళ్లలో బస వెతుక్కునే వెబ్‌సైటులో మా ఇల్లు పెట్టాను. ఒక గది, ఒక నవారు మంచం, పొద్దున పట్టిన చేప పొద్దునే కూర. రెండు ఫోటోలు. నాకొచ్చిన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. చివర్లో మ్యాపు మీద మా ఇల్లెక్కడో చుక్క పెట్టమంది, పెట్టాను. ఉప్పు మడులకీ సముద్రానికీ మధ్య ఎర్రటి చుక్క. ప్రపంచంలో మా ఊరు ఉందని మొదటిసారి నేనే చెప్పినట్టు ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక్కడ మా ‘రాయి’ గురించి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతదంతా ఉత్త హడావిడిలా కనబడుతుంది.

ఒడ్డు నుంచి ఇంజిను పడవ మీద గంటన్నర పోతే నీటి అడుగున ఒక రాతి దిబ్బ ఉంది. మా ఇంట్లో దాన్ని రాయి అంటారు. పైకి ఏమీ కనబడదు, చుట్టూ ఉన్నలాంటి నీళ్లే. కింద మాత్రం చేప ఉంటుంది. మిగతా చోట్ల వలలు ఉత్తినే వచ్చే రోజుల్లో కూడా అక్కడ గేలం వేస్తే కోనాం, మంచి ధర పలికే పెద్ద చేప, పడుతుంది. మా తాత కనిపెట్టాడు, మా అయ్యకి చూపించాడు. అయ్యకి కొడుకుల్లేరు కాబట్టి మేనల్లుడికి, అంటే నా బావకి చూపించాడు. ఇంక ఊళ్లో ఎవరికీ తెలియదు. అక్కడికి పోయే దారి నీళ్లలో ఉండదు, ఒడ్డు మీద ఉంటుంది. వెనక్కి తిరిగి ఒడ్డుని చూసుకుంటూ పోవాలి. ఒక కొండ ఒక చెట్ల గుంపు మీదికి రావాలి, ఇంకో పక్క ఇంకో గుర్తు ఇంకోదాని వెనక దాక్కోవాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట కింద రాయి ఉంటుంది. ఏ కొండో, ఏ చెట్లో చెప్పకుండా ఉండటమే మా ఆస్తి.

ఆడపిల్లలకి అసలే చెప్పరు. “ఆడగుంటకి రాయి సెప్పకూడదు. పెల్లై పై ఊరెల్తే దాంతోపాటు రాయి కూడా కాపరానికెల్పోద్ది” అనేది మా నాయనమ్మ. డిగ్రీ చదివినా, పదిమందిని పది దేశాలు పంపించినా, మా ఇంటి అన్నం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియకూడదన్నమాట. ఆ మంట నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

మా పెద్దయ్య సంగతీ చెప్పాలి. అయ్యకి వరసకి అన్న. ఊళ్లో పెద్ద బోటు ఆయనది. అందులో దారి చూపించే చిన్న డబ్బా ఉండేది, నంబర్లు కొడితే ఎటు పోవాలో బాణం చూపిస్తుంది. అయ్యకి దాన్ని చూస్తే నవ్వు. “దారి డబ్బాలో ఉంటాదేటి? కంట్లో ఉంటాది” అనేవాడు. పెద్దయ్య మాత్రం పదేళ్లుగా మా రాయి కోసం మా పడవ వెనకే తిరిగాడు. వెనకాల ఆయన బోటు కనబడితే అయ్య కావాలని ఇంకో వైపుకి పోయి లంగరు వేసేవాడు. ఒకసారి ఇద్దరూ ఉత్త నీళ్లలో సాయంత్రం దాకా కూర్చుని వచ్చారు. ఇద్దరికీ ఒక్క చేప పడలేదు. ఆ రోజు అయ్య అన్నం తింటూ నవ్విన నవ్వుకి పొలమారి అమ్మ నెత్తి మీద కొట్టాల్సి వచ్చింది.

చుక్క పెట్టిన ఏడాదికి, ఫిబ్రవరిలో ఒక దొర వచ్చాడు. సైకిల్ మీద. తేలినీలాపురంలో ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చే కొంగల్ని చూడటానికి వచ్చాడట, అక్కడి నుంచి నా చుక్క పట్టుకుని మా ఇంటి ముందు దిగాడు. వాళ్ల దేశంలో సముద్రం లేదు, కొండలే. ముప్పై అయిదేళ్లుంటాయి. ముక్కు ఎండకి ఉడికిపోయి ఉంది. నేను సెలవు పెట్టి ఇంటికొచ్చాను, అతని ఇంగ్లీషు తెలుగులో చెప్పడానికి మనిషి కావాలి కదా. మూడు రోజులు ఒడ్డు మీదే తిరిగాడు. అమ్మ పెట్టిన చేపల పులుసు తిని కళ్లెంట నీళ్లు కారుతున్నా ఇంకాస్త అడిగాడు. అమ్మకి అక్కడే నచ్చేశాడు.

నాలుగో రోజు పొద్దున సముద్రం మీదికి తీసుకెళ్లమన్నాడు. అయ్య సరేనన్నాడు. అంతకు ముందు రెండు రోజులు వలలు ఖాళీ. దొర ముందు చిన్నతనం కాకూడదనుకున్నాడేమో, తిన్నగా రాయి మీదికే తీసుకెళ్తానన్నాడు.

“దొరకి సూపించేస్తావేటయ్యా?” అని నేను ఒడ్డు మీద అడిగాను. నాకు చూపించనిది అన్న మాట నోట్లోనే ఉంచుకున్నాను.

“ఆడికేటి తెలుస్తాదే? ఒడ్డుకి ఈపెట్టి కూకోబెడతాను. కొండలు కనబడితే కదా” అన్నాడు అయ్య.

అన్నట్టే చేశాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దొరని ఒడ్డు వైపు వీపు పెట్టించి కూర్చోబెట్టాడట. తల తిప్పితే బావ భుజం పట్టుకుని మళ్లీ తిప్పేవాడట. దొర అదేదో మా ఆచారం అనుకుని బుద్ధిగా కూర్చున్నాడు. రెండు చేతుల పొడుగు కోనాం ఒకటి పట్టి, ఒడ్డుకొచ్చి పసిపిల్లాడిలా గంతులేశాడు. అతని చేతికి నల్ల గడియారం ఉంది. ఎన్ని అడుగులు నడిచాడో అది లెక్కపెడుతుందని చెబితే అయ్య, “నడిసీవోడికి తెల్దేటి?” అని నవ్వాడు. అందరం నవ్వాం.

దొర వెళ్లిన పది రోజులకి షాపులో ఉండగా అతని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. తన ప్రయాణమంతా ఇంటర్నెట్లో పెట్టాను చూడమని. నొక్కాను. మ్యాపు తెరుచుకుంది. మా ఒడ్డు నుంచి సముద్రంలోకి ఒక ఎర్ర గీత. కొంత దూరం తిన్నగా, తర్వాత కాస్త ఉత్తరానికి వంగి, ఒక చోట ఆగింది. ఆగిన చోట చేప బొమ్మ. కింద అతని మాటలు: నా ప్రయాణం మొత్తంలో ఇదే గొప్ప రోజు, ఎప్పుడైనా ఇటు వస్తే ఇక్కడే గేలం వేయండి.

గడియారం. పోయిన దారంతా అదే గీసుకుంది, వీపు ఎటు పెట్టి కూర్చుంటే దానికేంటి?

కౌంటర్ ముందు ఒకాయన కాశీ టికెట్ గురించి ఏదో అడుగుతున్నాడు, ఒక్క ముక్కా వినబడలేదు. ఎంతమంది చూశారో పక్కనే అంకె ఉంది. చిన్న అంకే. కానీ అందులో మన తీరం బోటువాడు ఒక్కడుంటే చాలు. చేప బొమ్మ మీద వేలు పెడితే రెండు నంబర్లు వస్తున్నాయి. తాత కనిపెట్టిన రాయి, నాయనమ్మ నోటికి గుడ్డ కట్టుకుని దాచిన రాయి, రెండు నంబర్లు. నేను ఆ పేజీ మూసేశాను. నంబర్లు రాసుకోలేదు. ఇంట్లో నాకు చెప్పనిది దొంగచాటుగా నేర్చుకోనన్న పంతం. ఆ పంతానికి తర్వాత ఎంత ఏడ్చానో.

వెంటనే అతనికి రాశాను. తీసెయ్యమని. అతనికి అర్థం కాలేదు, సముద్రం అందరిదీ కదా అని జవాబిచ్చాడు. అప్పుడు నాకొచ్చిన కోపానికి ఇంగ్లీషు చాల్లేదు. నీ ఇంటి తాళం చెవి ఎక్కడ దాస్తావో నేను ఊరంతా అంటిస్తే ఊరుకుంటావా అని రాశాను. మా అమ్మ పెట్టిన తిండి గుర్తుందా అని రాశాను. నా ఇంటి చుక్క కూడా ఆ వెబ్‌సైటులోంచి పీకేశాను. మర్నాడు పొద్దున చూస్తే ఎర్ర గీత లేదు. అతని ఉత్తరం ఉంది. నన్ను క్షమించు, పూర్తిగా చెరిపేశాను, నా దగ్గర కూడా లేదు.

అయ్యకి చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతిసారీ ఇంటికి ఫోన్ చేసి, “రాయి మీద కొత్త బోట్లేవైనా వచ్చాయా?” అని అడగబోయి, “అన్నం తిన్నారా?” అని అడిగేదాన్ని. ఎవరూ రాలేదు. వేసవి పోయింది, వానలు పోయాయి. నేను గట్టెక్కాననుకున్నాను.

ఆ ఏడు దసరా వెళ్లిన వారం, పొద్దున ఆరున్నరకి అమ్మ ఫోన్ చేసింది.

“మీ అయ్యా, బావా నిన్న తెల్లారి ఎల్లినారే. రాత్రికి రావాల. రానేదు” అంది. ఏడవడం లేదు. అమ్మ ఏడవకపోతేనే నాకు భయం.

ముందురోజు సాయంత్రం నుంచీ వాయుగుండం వార్త టీవీలో వస్తోంది. ఊళ్లో బోట్లన్నీ తిరిగొచ్చేశాయి, మా పడవ తప్ప. సముద్రంలో అంత దూరాన ఫోన్ పలకదు. వాళ్లెక్కడున్నారో ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరూ ఆ పడవలోనే ఉన్నారు.

చేతికందిన చున్నీ వేసుకుని స్టేషన్‌కి పరిగెత్తాను. ఏడింటికి నౌపడ వైపు పోయే పాసింజర్ దొరికింది. కిటికీ పక్కన కూర్చుని దొర నంబరుకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. వాళ్లకి అప్పుడు మూడున్నర, ఎవడైనా చచ్చిన నిద్రలో ఉండే వేళ. మెసేజ్ పెట్టాను. మా అయ్య సముద్రంలో చిక్కుకున్నాడు, ఆ రోజు మీరు చేప పట్టిన చోటు నంబర్లు కావాలి, ఎక్కడైనా మిగిలి ఉన్నాయేమో చూడు. పంపాక మళ్లీ చదివి నా మీద నాకే అసహ్యం వేసింది. చెరిపేదాకా వాణ్ని నిద్రపోనివ్వలేదు, ఇప్పుడు చెరిపింది తెమ్మని నిద్ర లేపుతున్నాను.

చీపురుపల్లిలో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒకామె వేయించిన శనక్కాయలు అమ్ముతోంది, ఎవరో బేరమాడుతున్నారు, ఇంకెవరో చంటిపిల్లకి రైలు చూపిస్తున్నారు. అందరి మీదా కోపం వచ్చింది నాకు. ఎదురు బండి కోసం మమ్మల్ని ఆపేశారు. పది నిమిషాలు. ఇరవై. ఫోన్ చేశాను, మోగింది, ఎత్తలేదు. ఆకాశం చూశాను. తూర్పున మసిబట్టిన గిన్నెలా ఉంది. గాలి ఇంకా లేవలేదు. లేచిందంటే ఎవరూ బోటు దించరు, దించమని అడిగే హక్కు కూడా ఎవరికీ ఉండదు.

పొందూరు దాటాం. శ్రీకాకుళం రోడ్డు దాటాం. అక్కడి నుంచి ప్రతి స్టేషన్‌లోనూ చేశాను, చేసిన ప్రతిసారీ ఆ రింగు అన్ని దేశాలు దాటుకుని పోయి ఒక చీకటి గదిలో మోగుతోందని తెలుస్తోంది, లేపలేకపోతున్నాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన, “ఎవులమ్మా, అంతలాగ ఫోన్ సేస్తన్నావు, మీ ఆయనేటి?” అన్నాడు. “కాదు తాతా, మా అయ్య కోసం” అన్నాను. ఆ తర్వాత ఆయనా నాతోపాటు ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

నౌపడలో దిగి ఆటో ఎక్కి ఒడ్డుకి చేరేసరికి పదిన్నర అవుతోంది. ఊరంతా ఇసుక మీదే ఉంది. అమ్మ నీళ్ల అంచున నిలబడి ఉంది, చీర మోకాళ్ల దాకా తడిసిపోయి. పెద్దయ్య బోటు సిద్ధంగా ఉంది, ఏడుగురు మనుషులు దాని చుట్టూ నిలబడ్డారు. ఎవరూ నెట్టడం లేదు.

“ఎందుకు ఎల్లట్లేదు?” అని అరిచాను.

పెద్దయ్య నా మీద కోప్పడలేదు. “ఎక్కడికని ఎల్తామే? సంద్రం సెరువేటి, సుట్టూ తిరిగి రాడానికి? ఆఫీసులకీ పోలీసులకీ ఫోన్లు సేసినాం. ఆలూ అదే అడుగుతన్నారు, ఎక్కడని. సోటు తెలిస్తే గాలి లేసీలోగా ఎల్లి వచ్చీగలం. తెలీకుండా ఎల్తే ఈల పెళ్లాలకి నాను ఏటి సెప్పాల?”

న్యాయమే. పదేళ్లు వెంటపడి కనుక్కోలేని చోటు, ఇప్పుడు కనుక్కోవాలి. ఎవరి మీద అరవాలో తెలియక నేను అమ్మ పక్కన నిలబడ్డాను. అప్పుడు నా చేతిలో ఫోన్ అదిరింది.

ముందు నంబర్లు వచ్చాయి. రెండు వరసలు. తర్వాత మాటలు: ఇప్పుడే లేచాను. నన్ను క్షమించు, నీకు అబద్ధం చెప్పాను. అందరికీ కనబడకుండా తీసేశాను గానీ నా గడియారంలోది చెరపడానికి మనసొప్పలేదు, అది నా జీవితంలో మంచి రోజు. వెళ్లండి, త్వరగా వెళ్లండి.

మాట తప్పినవాడి కాళ్లకి మొక్కాలనిపించడం నాకు అదొక్కసారే. ఫోన్ ఛార్జింగ్ అయిపోతుందేమోనని బ్యాగులో పెన్ను తీసి అరచేతి మీద నంబర్లు రాసుకున్నాను. చెమటకి సిరా జారుతోంది. రాసేశాక అక్కడే ఆగిపోయాను.

ఎందుకంటే ఎదురుగా ఉన్నది పెద్దయ్య. ఈ చెయ్యి చాపితే రాయి పోయినట్టే. అయ్య ఒకవేళ ఇంకెక్కడో ఉంటే, లేదా గాలికి తనే తిరిగొచ్చేస్తే? మనిషి వస్తాడు, రాయి రాదు. ఊరికి మా ఇంటి అన్నాన్ని నా చేత్తో నేనే పంచిపెట్టినట్టు. ఇవన్నీ ఒక్క నిమిషంలో ఆలోచించాను. అలా ఆలోచించినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అమ్మ నా అరచెయ్యి చూసింది. ఆమెకి అంకెలు తప్ప చదువు రాదు. అంకెలు చాలు.

“అదేనా?” అంది.

తల ఊపాను. దొరా, గడియారం, మ్యాపు, నాలుగు ముక్కల్లో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

“రాయి నీటిలోనే ఉంటాది, ఎక్కడికీ పోదు. మీ అయ్య ఉండడు. బేగి సెప్పెయ్యే” అంది.

పెద్దయ్య దగ్గరికి వెళ్లాను. చెయ్యి మాత్రం ఇంకా ముడిచే ఉంది. “ఇంకెవులికీ సెప్పనని గంగమ్మ మీద ఒట్టెయ్ పెద్దయ్యా” అన్నాను.

ఆయన బోటు చుట్టూ ఉన్నవాళ్లని చూశాడు. “నా నోటికి ఒట్టేస్తాను. బోటులో ఎనమండుగురం ఉన్నాం. ఏడు నోళ్లకి నాను ఒట్టెయ్యలేను. అబద్దం ఎందుకూ?” అన్నాడు.

వేసేసి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. నేను చెయ్యి తెరిచాను. ఒక్కో అంకే చదివాను, ఆయన ఒక్కో అంకే డబ్బాలో కొట్టాడు. చివరి అంకె ఏడో ఒకటో సిరా చెదిరి తెలియలేదు. ఫోన్‌లో మళ్లీ చూసి ఏడు అన్నాను. బాణం తిరిగింది. “అద్దో! నాను నాలుగుసార్లు దాని పక్కనుంచే పోనాను” అన్నాడు పెద్దయ్య, ఆయనకి తెలియకుండానే. ఏడుగురూ విన్నారు. బోటు నెట్టారు.

ఆ తర్వాత అయిదు గంటలు. మధ్యాహ్నం గాలి లేచింది. సరుగుడు తోట హోరెత్తింది. కెరటాలు పెరుగుతుంటే ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు, అమ్మ జరగలేదు. బోటులో వెళ్లినవాళ్ల పెళ్లాలు నా వైపు చూడటం మొదలుపెట్టారు. ఒకామె, “ఆ నంబర్లు తప్పయితే?” అని మెల్లగా అంది. నేనూ అదే అనుకుంటున్నాను. ఫోన్‌లో సరిగ్గానే చూశానా, ఏడో, ఒకటో. ఇద్దరి కోసం ఎనిమిది మందిని పంపించాను. ఫోన్ అదురుతూనే ఉంది, దొర అరగంటకోసారి అడుగుతున్నాడు, వచ్చారా, వచ్చారా అని. ఫోన్ చున్నీలో చుట్టి ఇసుక మీద పడేశాను.

మూడున్నరకి ఎవరో అరిచారు. బోటు ముందు చుక్కలా కనబడింది, తర్వాత కెరటం వెనక మాయమైంది, మళ్లీ తేలింది. వెనకాల తాడు కట్టి మా పడవ. లెక్కపెట్టాను. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. పదిమంది.

ఇంజిను చెడిపోయిందట. కొట్టుకుపోకుండా లంగరుని అడుగున రాతి సందులో బిగించి, రాత్రంతా ఆ ఒక్క తాడు మీద ఉన్నారు. తాడు జారకుండా పట్టుకుంటే బావ రెండు అరచేతుల చర్మం ఊడిపోయింది. తాడు సగం తెగి ఉందని, ఇంకో గంట ఆగేది కాదని తర్వాత బావే చెప్పాడు.

అయ్య నీళ్లలో దిగి నడిచి వచ్చాడు. పెదాలు ఉప్పుతో పగిలిపోయాయి. అమ్మ భుజం మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత నా దగ్గర ఆగి నా కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. నంబర్లు సగం చెరిగాయి, సగం ఉన్నాయి. పెద్దయ్య బోటులో అన్నీ చెప్పేసి ఉంటాడు. అయ్య నా చెయ్యి వదిలేసి ఇంటికి నడిచాడు.

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది.

దొరకి జవాబివ్వడం మర్నాడు సాయంత్రం గుర్తొచ్చింది. వచ్చారు అని ఒక్క మాట పెట్టాను. ఆ రోజంతా పనికి పోకుండా ఫోన్ ముందే కూర్చున్నాడట, మావాళ్లు ఇక లేరనుకున్నాడట. పెద్దయ్య తన మాట నిలబెట్టుకున్నాడు, ఆయన నోటి నుంచి రాయి ఊసు బయటికి రాలేదు. మిగతా ఏడు నోళ్లూ వారం కూడా ఆగలేదు. దీపావళికి రాయి మీద నాలుగు బోట్లు. కార్తీకం వెళ్లేసరికి ఎనిమిది. అమ్మ ఫోన్‌లో చెప్పేది, నేను వినేదాన్ని. “అయ్యకియ్యి” అంటే, “తొంగున్నాడు” అనేది. నాలుగు నెలలు మా అయ్య నేను ఫోన్ చేసిన ప్రతిసారీ పడుకునే ఉన్నాడు.

మళ్లీ ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. ఈసారి చెప్పేయాలనే వెళ్లాను. పొద్దున అయ్య గేలాలు సర్దుకుంటుంటే ఎదురుగా నిలబడ్డాను.

“తప్పు నాదేనయ్యా. చుక్క పెట్టింది నేను, దొరని తెచ్చింది నేను, రాయి ఇచ్చేసిందీ నేనే.”

అయ్య గేలం ముడి పూర్తి చేశాడు. పళ్లతో దారం కొరికాడు. “పడవెక్కు” అన్నాడు.

మాలో ఆడవాళ్లు వేటకి పడవెక్కరు. అమ్మ గుమ్మంలోంచి చూసింది. బావ చెయ్యి అందించాడు, ఆ అరచెయ్యి ఇప్పటికీ నున్నగా, తెల్లగా ఉంటుంది. నేను వెళ్లి సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నాను.

“అలగ కాదు. దొరనేటి నువ్వు? ఒడ్డు కేసి తిరిగి కూకో” అన్నాడు అయ్య.

తిరిగాను. ఒడ్డు వెనక్కి పోతోంది. ఇళ్లు చిన్నవయ్యాయి, ఉప్పు మడులు తెల్లగా మెరిసి సన్నబడ్డాయి, వాటి వెనక కొండలు లేచాయి. అయ్య చుక్కాని పట్టుకుని నా భుజం మీదుగా చెయ్యి చాపి చూపించాడు. ఏ కొండో, ఏ చెట్లో. అవి ఇక్కడ రాయను. గంట దాటాక కొండ కదిలి చెట్ల మీదికి రావడం నా కళ్లతో చూశాను. కొండే నడిచి వచ్చి నిలబడినట్టు. “వచ్చిందయ్యా!” అని అరిచాను. “రెండోది సూడు, తొందరపడకు” అన్నాడు. రెండోదీ దాక్కుంది. ఇంజిను ఆపేశాడు.

చుట్టూ ఆరు బోట్లు ఉన్నాయి. ఒకదాన్నుంచి ఎవరో చెయ్యి ఊపారు. ఆ రోజు మాకు పడినవి నాలుగు చిన్న చేపలు, కూరకి సరిపోతాయి.

“అందరికీ తెలిసిపోయింది కదయ్యా, ఇప్పుడు నాకెందుకు?” అని అడిగాను.

అయ్య లంగరు తాడు బిగించి, రెండుసార్లు లాగి చూశాడు. కొత్త తాడు.

“మళ్లీ ఎప్పుడైనా నాను రాకపోతే, ఆ దొర నిద్ర లేసేదాకా నువ్వు ఆగక్కర్నేదు” అన్నాడు.